నీ చెవులు ఎందుకు పోయాయంటే

నాయినా,

నువ్వు పోయిన ఏడాదికి, నువ్వు బండలు పేల్చిన మాదాపూర్‌లోనే నాకు ఉద్యోగం దొరికింది. అమెరికా డాక్టర్ల మాటలు హెడ్‌ఫోన్‌లో విని టైపు చేయాలి.

ఇవాళ ఒక డాక్టరు తన రోగికి వివరిస్తున్నాడు. లోపలి చెవిలోని నీటిలో సన్నని వెంట్రుకలున్న కణాలుంటాయట. శబ్దానికి నీరు కదిలి, వెంట్రుకలు వంగితే, కరెంటు పుట్టి నరం గుండా మెదడుకు చేరుతుందట. మోతకు చచ్చిన కణాలు మళ్లీ పుట్టవట.

నా చెవిలో గుయ్యిమంటుంటే హెడ్‌ఫోన్ తీశాను.

“జర పెట్టుకోమ్మా, ఫైలు ఇయ్యాల్నే పోవాలె,” అన్నాడు సూపర్‌వైజరు.

పెట్టుకుని, సౌండు ఇంకా పెంచాను.

ఇంట్లో బట్టలు మడుస్తుంటే వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది. నీకు వినపడక అమ్మ ఇలాగే తట్టి అన్నానికి పిలిచేది.

“ఎంతసేపు పిలవాలె బిడ్డా...” అంటూనే ఆగిపోయింది. చెయ్యి మాత్రం తీయలేదు.