పాప ఎలా ఉందని అడిగాక

మేడమ్ గారికి,

కాన్పుల వార్డు మీద మన నివేదికను దయచేసి ఇవాళ పంపకండి. అది నా నోట్సు చూసి రాసింది. తల్లులతో మాట్లాడినప్పటి రికార్డింగులు విని టైపు చేద్దామని నిన్ననే కూర్చున్నాను.

వాటిలో మూడో తల్లిని "పాప ఎలా ఉందమ్మా?" అని అడిగాను.

"పోయిందమ్మా, రెండో రోజే" అంది.

వెంటనే నా గొంతు: "మంచిదమ్మా. మరి పక్క దుప్పట్లు శుభ్రంగా ఉండేవా?"

వెనక్కి తిప్పి నాలుగుసార్లు విన్నాను. నేనే, మేడమ్. ప్రతి జవాబుకీ అలవాటుగా అనే మాటే అది. ఆవిడకి ఎదురుగా కూర్చుని, తల దించుకుని రాసుకుంటూ, ఆవిడ మాట వినలేదు.

ఆ తర్వాత అడిగిన పదకొండు ప్రశ్నలకీ ఆవిడ "బాగుందమ్మా" అనే చెప్పింది. దాన్నే మనం "పూర్తి సంతృప్తి" అని రాశాం.

మీ పరిశోధకురాలు