గట్టు మీద ఊపిరి

జనవరి 9,
ఉదయం పది గంటలు, వర్క్‌షాపు బల్ల దగ్గర

చిరంజీవి బుడగకి,

అక్క దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నాన్న మోకాళ్లు తప్ప మిగతావన్నీ క్షేమమే. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. జవాబు మొదలుపెట్టడం ఇది మూడోసారి, మొదటి రెండూ చెత్తబుట్టలో ఉన్నాయి.

ఆరేళ్లుగా ఈతకొలనులో పిల్లలకి కాళ్లాడించడం నేర్పుతూ, మెడలోతు దాటి నీళ్లలో దిగనని భీష్మించుకున్నవాడివి, ఇప్పుడు రక్షణ దళంలో చేరానని రాస్తే నమ్మడానికి నాకు ఒక పూట పట్టింది. అదీ మంచు కట్టే సరస్సులో దిగి మనుషుల్ని వెతికే దళం. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి సరేనన్నాడట, వచ్చే నెల మొదటి డైవ్ అట. నాన్నకి చదివి వినిపించాను. వింటున్నంతసేపూ స్పానర్ తుడుస్తూ ఉన్నాడు. అయ్యాక, వాడి ఇష్టం అన్నాడు. ఆ తర్వాత గంటసేపు అదే స్పానర్ తుడిచాడు.

నీ ఉత్తరంలో ఒక్క వాక్యం నన్ను కూర్చోనివ్వడం లేదు. భయపడి గబగబా పీల్చేవాడి నోట్లో కూడా గడ్డకట్టని రెగ్యులేటర్ ఏదైనా ఉంటే చెప్పక్కా అని అడిగావు. దాని సంగతి తర్వాత రాస్తాను. ముందు పనికొచ్చేవి.

సిలిండర్ గాలిని నోటికి అందించే ఈ రెగ్యులేటర్ ఎందుకు గడ్డకడుతుందో నీకు తెలుసు. అయినా చెప్తాను, చెప్పకపోతే నాకు తోచదు. సిలిండర్‌లో కుక్కిన గాలి ఒక్కసారిగా వదులయ్యేసరికి బాగా చల్లబడుతుంది. బయట నీళ్లు ఎలాగూ చల్లన. లోపల చుక్క తడి దొరికితే చాలు, మంచు చేసేస్తాయి. ఆ మంచు వాల్వుని మూసుకోనివ్వదు. ఇక గాలంతా బుసబుసమని బయటికి పోవడమే.

రెగ్యులేటర్లు బాగుచేసే ఈ వర్క్‌షాపు గోడ మీద నాన్న ఎర్ర రంగుతో రాసిన ఐదు మాటలూ ఇంకా అలాగే ఉన్నాయి, కాస్త వెలిశాయి. మొదటిది, సిలిండర్‌కి బిగించే భాగంలోకి నీళ్లు చొరబడకుండా పూర్తిగా మూసి ఉండాలి. ఇందులో బేరాల్లేవు. రెండోది, నోటి దగ్గరి భాగం లోహంది కావాలి. ప్లాస్టిక్‌ది తేలిగ్గా ఉంటుంది, దవడ నొప్పి పుట్టదు, అయినా వద్దు. లోహమైతే చుట్టూ ఉన్న నీటి వెచ్చదనాన్ని లోపలికి అందిస్తుంది. ఆ సరస్సులో వెచ్చదనమేమిటని నవ్వకు. లోపలి గాలి అంతకన్నా చల్లన.

ఇంతవరకు రాసి, గ్యాస్ కట్టానో లేదో చూడ్డానికి లేచాను. కట్టే ఉంది. మళ్లీ వెళ్లి చూశాను, అప్పుడూ కట్టే ఉంది. తాళం వేసి మూడుసార్లు లాగే నా అలవాటుని నువ్వు తలుపు ముందు నిలబడి ఎంత బాగా అనుకరించేవాడివో. ఆ అలవాటు తగ్గలేదురా, ముదిరింది.

ఏం రాస్తున్నాను. ఆ, మూడోది. ఒకే సిలిండర్ మీద రెండు వాల్వులు, రెండిటికీ విడివిడిగా రెగ్యులేటర్లు. ఒకటి మొరాయిస్తే దాన్ని కట్టేసి రెండోదానికి మారిపోవాలి. మందపాటి గ్లౌజులతో, కళ్లు మూసుకుని, ఆ వాల్వు తిప్పడం ఇంట్లోనే సాధన చెయ్యి. నాలుగోది, సిలిండర్‌లో నింపే గాలి పొడిగా ఉండాలి. మీ దళంవాళ్లు కంప్రెసర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో మొహమాటం లేకుండా అడుగు. ముఖం చిట్లిస్తే మళ్లీ అడుగు.

ఐదోది చివర్లో రాస్తాను.

ఇక కొనడం. దుకాణాయన నిగనిగలాడే బుల్లి రెగ్యులేటర్ ఒకటి చూపించి, మేడమ్, ఇది చలికీ వేడికీ దేనికైనా పనికొస్తుంది అన్నాడు. నేను బ్యాగులోంచి స్పానర్ తీసి, లోపల ఒకసారి చూస్తానన్నాను. చివరికి మూడు రకాలు తెచ్చుకుని, తొట్టినిండా మంచుగడ్డలు పోసి, మొహం అందులో ముంచి ఒక్కొక్కదాన్నీ పావుగంట పీల్చాను. మామూలుగా కాదు, తరుముకొస్తుంటే పరిగెత్తేవాడిలా పీల్చాను. నాన్న వచ్చి చూసి, ఈ ఇంట్లో ఇంకెవరికి పిచ్చి పట్టాలి అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నిగనిగలాడేది తొమ్మిదో నిమిషంలో చేతులెత్తేసింది. రెండోది నిలబడింది కానీ గాలి వదిలి చూసే బటన్ మరీ చిన్నది, గ్లౌజు వేళ్లకి దొరకదు. మూడోది బరువు, చూడ్డానికి నాన్నలాగే మొరటు. ఎంత పీల్చినా చలించలేదు. అలాంటివే రెండు ఈ పెట్టెలో పంపుతున్నాను. పెట్టెకి టేపు వేశాను, విప్పి చూసి మళ్లీ వేశాను.

ఇంత రాసినా ఆరేళ్ల కిందటి ఆ రోజు సంగతి ఎత్తకుండా ఉండలేకపోతున్నాను. ఆ రాతిగని చెరువులో ఇరవై మీటర్ల కింద నీ రెగ్యులేటర్ తెరుచుకుపోయింది. గాలంతా పోతుంటే ఎగబాకి పైకొచ్చావు. అంత వేగంగా పైకొచ్చినందుకు రెండు రోజులు ఆసుపత్రిలో, గాలి ఒత్తిడి పెంచే పీడన గదిలో ఉంచారు. నాన్న ఆ రెగ్యులేటర్‌ని విప్పి, ప్రతి రింగునీ వెలుతురులో పెట్టి చూసి, దీంట్లో లోపం లేదు, వాడే బెదిరిపోయి పీల్చాడు అని అందరి ముందూ అనేశాడు. ముద్దుగా పెట్టిన బుడగ అనే పేరు ఆ రోజునుంచి వెక్కిరింత అయింది. నువ్వు ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు.

చెవులు కప్పుకో. వేళకి తిను. డైవ్ తేదీ ఖాయం కాగానే రాయి.

ఆశీస్సులతో,
అక్క

తా.క. జనవరి 10, ఉదయం. కవరు అంటించి, మళ్లీ చించాను. ఐదో మాట రాయలేదు కదా. నీళ్లలో మునిగేదాకా రెగ్యులేటర్ నోట పెట్టకు, బటన్ నొక్కకు. అదీ ఐదోది.

ఆ రోజు నువ్వు వ్యాను వెనక సూటు వేసుకుంటున్నావు. సిలిండర్‌కి బిగించిన నీ రెగ్యులేటర్ సెట్ నా దగ్గరుంది. ముందురోజు దాన్ని సర్వీసు చేసింది నేనే. సరిగ్గా బిగించానో లేదో అని మనసు పీకింది. నోట్లో పెట్టుకుని పీల్చి వదిలాను. మూడుసార్లు. బటన్ కూడా నొక్కాను. గట్టు మీద మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చేంత చలి. నా ఊపిరిలోని తడి లోపల గడ్డకట్టింది. నువ్వు రాగానే తుడిచి నీకిచ్చి, అంతా బాగుందిరా, వెళ్లు అన్నాను. నాన్న విప్పేసరికి ఆ మంచు కరిగిపోయింది. ఆయనకి కనిపించే లోపం నువ్వొక్కడివే మిగిలావు.

ఐదో మాట తెలియక చేసింది కాదు, ఆ గోడ చూస్తూ పెరిగినదాన్నే. నోరు విప్పితే నాన్న ఇంకెప్పుడూ నన్ను ఈ బల్ల దగ్గర కూర్చోనివ్వడని భయపడ్డాను. భయపడింది నువ్వు కాదు, నేను.

నీ పాత రెగ్యులేటర్ ఆరేళ్లుగా నా సొరుగులో ఉంది. మొన్న దాన్నీ తొట్టిలో పెట్టి పీల్చాను. పావుగంట, అంతే వేగంగా. ఏమీ కాలేదు. తర్వాత ఆరబెట్టి, బయట మంచులో నిలబడి మూడుసార్లు పీల్చి వదిలి, బటన్ నొక్కి, అప్పుడు ముంచాను. రెండు నిమిషాలు తిరక్కుండా తెరుచుకుపోయింది. నువ్వడిగిన దానికి జవాబు ఇదే. భయపడేవాడి కోసం రెగ్యులేటర్ వెతకక్కర్లేదు. గాలి పోవడం మొదలయ్యాకే నీ ఊపిరి వేగం పెరిగింది, ఎవరికైనా పెరుగుతుంది.

నాన్నకి ఇంకా చెప్పలేదు. ముందు నీకు తెలియాలనుకున్నాను. ఇది పోస్టులో వేసి నేరుగా ఆయన దగ్గరికే వెళ్తాను.

క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు. నువ్వు రమ్మంటే మొదటి డైవ్ రోజు వస్తాను. వస్తే, గట్టు మీద నీ సెట్ నా చేతికివ్వకు. ఒక్కసారి చూసిస్తానురా అని అడుగుతాను, నా సంగతి నీకు తెలుసు. అడిగినా ఇవ్వకు.