ముందే తీరిన మొక్కు

ఆదివారం, వేములవాడ నుంచి వచ్చాక

నాకు ఉద్యోగం వస్తే రాజన్న దేవుడికి కోడెను కడతానని అవ్వ మొక్కుకుంది. ఇవాళ ఇద్దరం వెళ్లి గుడి చుట్టూ కోడెను తిప్పి కట్టేసి వచ్చాం. తిరుగు బస్సులో పక్కసీటామె, "బిడ్డ ఏం జేస్తది?" అని అడిగింది.

"కంపెనీల ఇంజనీరు," అంది అవ్వ గొప్పగా.

నేను నోరు మూసుకోవచ్చు కదా! అది తొమ్మిది నెలల ఇంటర్న్‌షిప్ అనీ, జీతమిస్తారు గానీ అయిపోగానే మళ్లీ కాలేజీకే పోవాలనీ చెప్పేశాను.

కరీంనగర్ బస్టాండు దాకా అవ్వ మొహం కిటికీ వైపే తిప్పుకుని కూర్చుంది. దిగాక మొదలుపెట్టింది.

"నౌకరి రాకముందే కోడెను కట్టిస్తివి గదనే!"

"జీతం పడ్డదని చెప్పిన, గంతే. నౌకరని నేనన్ననా అవ్వా?"

"గా దేవుని ముంగట నా ఇజ్జత్ ఏంగావాలె? ఎట్లనన్న జేసి నౌకరి పక్కా చేసుకో."

మేనేజర్‌కు ఇమ్మని లడ్డూ పొట్లం నా బ్యాగులో పెట్టింది. రేపు ఆయన ఏంటి విశేషమని అడుగుతాడు. మీ దగ్గర నా ఉద్యోగం పర్మనెంటయింది సార్, మీకే ఇంకా తెలియదు అని చెప్పాలేమో...