ఏడు ముళ్ల మూట

సీతాఫల్‌మండి, సికింద్రాబాద్
23 నవంబర్ 2025, ఆదివారం

గురువుగారు రామభద్రరావు గారికి,

నాగజ్యోతి నమస్కరించి రాయునది. మీరూ, లీలాకుమారి అమ్మగారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. చలికి మీ మోకాలు ఎలా ఉంది? అమ్మగారిని అడిగానని చెప్పండి.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందే చెప్పేస్తాను. నిన్న సాయంత్రం మన భద్రాచలం పాదయాత్ర గ్రూపులో వచ్చే ఏటి జాబితా పెట్టారు. అందులో మా పెద్దమ్మ బాలమ్మ పేరు లేదు. తలంబ్రాల మూట మోసేవారు అన్న చోట, ఏడేళ్లుగా ఆమె పేరున్న చోట, ఈసారి నా పేరు ఉంది. పక్కన "చదువుకున్న పిల్ల, బాధ్యత తెలిసినది" అని కూడా రాశారు. దారి మాత్రం పాతదే. వాగూ పాతదే. మూట కట్టే పద్ధతీ పాతదే. డిసెంబర్ 7న మీ మల్కాజ్‌గిరి ఇంట్లో వడ్లు పంచుతారు. ఆ రోజు దాటితే ఇక ఏదీ మారదు. ఫోన్ చేయవచ్చు. కానీ మీరు "అమ్మాయ్" అని మొదలుపెడితే నేను అన్నిటికీ "సరే గురువుగారూ" అనేస్తాను. అందుకే కాగితం.

ఈ ఉత్తరాన్ని వడ్లు పంచే ముందు అందరికీ చదివి వినిపించమని అడగబోతున్నాను. అందుకని మీకు తెలిసినవి కూడా రాస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు తెలియాలి.

సీతారాముల కల్యాణానికి మనం తీసుకెళ్లే బియ్యం రోట్లో దంచినవి కావు, మరపట్టినవి కావు. మూడు నెలలు ఒక్కో గింజా గోటితో ఒలిచినవి. మా పెద్దమ్మ స్టేషన్ రోడ్డులో పూలు కడుతూనే, మధ్యలో ఖాళీ దొరికితే కొంగులో వడ్లు పోసుకుని ఒలిచేది. దానికోసమే రెండు బొటనవేళ్ల గోళ్లు పెంచేది. నేను డిగ్రీ పరీక్షలకు చదువుకుంటుంటే పక్కన ఆ గోరు చప్పుడే వినపడేది. మా ఇంట్లో కాలేజీకి పోయిన మొదటి మనిషిని నేను. "నువ్వు అచ్చరాలు ఒలువు, నేను వడ్లు ఒలుస్త" అనేది.

ఆ బియ్యం ఐదు కిలోలు పసుపు గుడ్డలో మూటకడితే, సికింద్రాబాద్‌లో ఎత్తిన మూట భద్రాచలంలోనే దించాలి. మధ్యలో నేల తాకకూడదు. మామూలు దారిలో నెత్తిన పెట్టుకుంటారు. వాగు వస్తే మాత్రం, కాలు జారితే మూట పడుతుందని, పిల్లని కట్టుకున్నట్టు వీపుకి కట్టి గుడ్డ కొసలు రొమ్ము మీదకు తెచ్చి ముడివేస్తారు. ఆ ఏడు ముళ్లూ మీరే వేస్తారు, ఒక్కో ముడికీ రామనామం చెబుతూ. ఇది మీరు ప్రేమతో పెట్టిన ఆచారం. దీన్ని తప్పు పట్టడానికి నాకు చేయి రావడం లేదు. అయినా రాస్తున్నాను.

ఏప్రిల్ 3, గురువారం. కొత్తగూడెం ఇంకా ఒక పూట నడక ఉంది. రోడ్డు మీద లారీలు ఎక్కువని అడవి బాటలో వెళ్తున్నాం, పందొమ్మిది మందిమి. ముందు రోజు సాయంత్రం ఎక్కడో పైన అకాల వర్షం పడింది. ప్రతి ఏడూ చైత్రంలో పాదం తడిసేంత నీళ్లుండే వాగు, ఆ రోజు ఎర్రగా, చప్పుడు చేస్తూ పోతోంది. ఒడ్డున మేకలు కాసే జెరెమియా అనే ఆయన మనల్ని ఆపాడు. ఆయన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "పైన వాన వడ్డది సారు. నీళ్లల్ల అడుగు కనవడతలేదు. అడుగు కనవడనప్పుడు దిగొద్దు. రెండు గంటలు కూసోండ్రి, గదే తగ్గుతది."

మీరు నవ్వి, "ఏవయ్యా, తొమ్మిదేళ్ల నుంచి దాటుతున్నాం. నీ మేకలకి చెప్పుకో" అన్నారు. ఆయన కూడా నవ్వాడు. "మేకలకి చెప్పే పని లేదు సారు. అవి దిగయి" అన్నాడు. మనవాళ్లలో కొందరు నవ్వారు. నేనూ నవ్వాను.

అవతలి ఊళ్లో మనకోసం అన్నం వండి పెట్టారు, ఎల్లుండి రాత్రికి భద్రాచలం చేరాలి, అదీ మన తొందర. అవతలి ఒడ్డు దగ్గరగా ఉందని రెండు బండల మధ్య ఇరుకు చోటు చూసుకున్నాం. ఇరుకైన చోటే నీళ్లు లోతుగా, ఉరుకుగా పోతాయని నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఉదయ్‌కిరణ్ అన్న ముందు దాటి అవతల మద్దిచెట్టుకి తాడు కట్టాడు. అందరం దీక్షలో ఉన్నాం, చెప్పుల్లేవు. బండల మీద నాచు.

పెద్దమ్మ తొమ్మిదోది. ఆమె వెనక నేను, మందుల సంచి మెడలో వేసుకుని. బొబ్బలకు కట్టుకట్టే పని నాదే కదా. నీళ్లు మోకాళ్లు దాటి తొడల దాకా వచ్చాయి. కింద గులకరాళ్లు కదులుతున్నట్టు పాదాలకు తెలుస్తోంది. పెద్దమ్మ వెనక్కి తిరగకుండానే, "జ్యోతీ, జెర నా కొంగు వట్టుకో" అంది. నేను పట్టుకునేలోపే ఆమె కాలు జారింది.

తాడు విల్లులా వంగింది. ఆమె చేతులు తాడు వదిలేశాయి. వీపు మీది మూట ముందే తడిసి బరువెక్కింది. దాన్ని వాగు తోసింది, అది ఆమెను బోర్లా తిప్పింది. లేవబోయిన ప్రతిసారీ మూట ఆమె తలను నీళ్లలోకే వంచింది. నేను తాడు వదిలేసి ఆమె జుట్టు పట్టుకున్నాను. ఇద్దరం కొట్టుకుపోయాం. ఒక బండకు నా తుంటి తగిలి ఆగాం. ఆమె ముఖం ఇంకా నీళ్లలోనే ఉంది. రొమ్ము దగ్గర ముడి దొరికింది. లాగాను. రాలేదు. పళ్లతో పట్టాను. రాలేదు. ఒడ్డున అందరూ రామనామం గట్టిగా అంటున్నారు, నాకు అది ఎక్కడో రైలు పోతున్నట్టు వినపడింది.

తర్వాత వాగు మూటను లాక్కుపోయింది. ఆమె ముఖం పైకి వచ్చింది. ఉదయ్‌కిరణ్ అన్నా, జెరెమియా ఇద్దరూ దిగి మమ్మల్ని బయటకు లాగారు. పెద్దమ్మ ఎర్రనీళ్లు కక్కుకుని, కళ్లు తెరిచి మొదట అడిగిన మాట, "మూటేది?"

మీరు ఇసుకలో కూలబడి ఏడ్చారు. మీ ఏడుపు చూసి నాకు భయమేసింది. "ప్రాణభయంతో ముడి విప్పేసుకున్నావా బాలమ్మా, ఎంత పని చేశావ్" అన్నారు. ఆమె తడి చేతులు జోడించి, "నేనే ఇప్పుకున్న అయ్యా. తప్పయింది" అంది.

మూడో రోజు కల్యాణానికి మనం ఖాళీ పళ్లెంతో వెళ్లాం. ఆమె లోపలికి రాలేదు, మన చెప్పుల్లేని కాళ్ల ముద్రలు చూస్తూ బయట మెట్ల మీద కూర్చుంది. ఇంటికొచ్చాక రెండు బొటనవేళ్ల గోళ్లూ కండ దాకా కత్తిరించుకుంది. పూలు కట్టేటప్పుడు దారం పట్టుకోవడానికి కూడా గోరు లేదు. వీధిలో ఎవరైనా "ఈసారి యాత్రకు పోతలేవా" అంటే, "నాకు తక్లీఫ్ అయితది" అని తలుపు వేసుకుంటుంది.

గురువుగారూ, ఆమె ముడి విప్పలేదు. విప్పగలిగే ముడి కాదది. నేను మొన్న మా బాత్‌రూంలో బకెట్ నీళ్లలో పసుపు గుడ్డ ముంచి, మీరు వేసినట్టే ఏడు ముళ్లు వేసి, ఫోన్‌లో టైం పెట్టుకుని విప్పి చూశాను. నిలబడి, ఊపిరి పీలుస్తూ, వెలుతురులో. నాలుగు నిమిషాల పది సెకన్లు పట్టింది. తర్వాత బకెట్లో ముఖం పెట్టి ఊపిరి బిగబట్టి చూశాను. నలభై సెకన్లు. ఆమెకు అరవై రెండేళ్లు. మిగతా లెక్క మీరే చూసుకోండి.

కాబట్టి నా మనవి ఇది. ఆ మూటను ఎవరి ఒంటికీ కట్టవద్దు. బియ్యాన్ని పందొమ్మిది చిన్న పొట్లాలు చేసి, గట్టి మూతల డబ్బాల్లో తలా ఒకటి పట్టుకుందాం. మనిషి జారితే డబ్బా వదిలేయాలి, అది తేలుతుంది, కింద ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఒకటి పోయినా పద్దెనిమిది చేరతాయి. దీక్ష అయినా సరే, నీళ్లలోకి దిగేటప్పుడు చెప్పులు వేసుకోనివ్వండి, చేతికి కర్ర ఇవ్వండి. వాగు వెడల్పుగా, పలచగా పారే చోటే దాటుదాం. అడుగు కనపడకపోతే కూర్చుందాం. అన్నం చల్లారితే చల్లారనీ.

ఇంకొకటి. జాబితాలో నా పేరు తీసేసి మా పెద్దమ్మ పేరు రాయండి. వడ్లు పంచేలోపు, అంటే డిసెంబర్ 5, శుక్రవారం కల్లా నాకు జవాబు ఇవ్వండి.

మీ ఆశీస్సులు కోరే,
నాగజ్యోతి

మళ్లీ రాస్తున్నది:

ఉత్తరం మడిచే ముందు మా పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు, ఆమె గురించి రాసింది ఆమె వినాలి అనిపించింది. పూలు కడుతూ మొత్తం వింది. మధ్యలో ఒక్కసారి, "మేకల మాట మంచిగ రాసినవ్" అని నవ్వింది. చివరికి వచ్చాక దారం తెంపి, "అంత రాసినవ్ గని, కత్తెర ఏడ రాసినవ్?" అంది.

నేను కాగితం ఒళ్లో పెట్టుకున్నాను.

"ముడి ఇప్పరాదని నువ్వే రాసినవ్. మరి వాగు ముడి కత్తిరిస్తదా? గురువుగారు గింత అడగడా?" అంది.

గురువుగారూ, ఆ ముళ్లు నేను కత్తిరించాను. మందుల సంచిలో బ్యాండేజీ కోసే కత్తెరతో. రామనామంతో వేసిన ఏడు ముళ్లనూ రెండుసార్లు నొక్కి కోశాను, మూటను నా చేతులతోనే తోసేశాను. ఒడ్డున మీరు ఏడుస్తుంటే చెబుదామని నోరు తెరిచాను. ఆమె నాకంటే ముందు "నేనే" అంది. నేను నోరు మూసుకున్నాను. నీళ్లలో ఆమె స్పృహలో లేదనుకున్నాను, నిజంగానే తానే విప్పుకున్నానని నమ్ముతోందనుకున్నాను. ఎనిమిది నెలలు ఆ అనుకోవడం చాటునే దాక్కున్నాను. ఇవాళ తెలిసింది. కత్తెర చల్లగా రొమ్ముకు తగలడం ఆమెకు గుర్తుంది. "సదువుకున్నోళ్లకు భక్తి లేదని ఆయన ఎప్పుడూ నిన్ను ఎక్కిరిస్తడు. నీ మీదికి రావొద్దని నేనన్న" అంది. ఈ కాగితం చింపి, ఇది లేకుండా వేరేది రాయమంది. నేను చింపలేదు.

మళ్లీ అలాంటి రోజు వస్తే మళ్లీ కత్తిరిస్తాను. ఆ మాట మీ ముందు, అందరి ముందు చెబుతాను. తప్పు ఏదైనా ఉంటే, ఆమెను మోయనిచ్చిన ఈ ఎనిమిది నెలలదే.

అందుకని పైన అడిగింది కొంచెం మారుస్తున్నాను. జవాబు నాకు వద్దు. డిసెంబర్ 5 కల్లా ఆమెకు రాయండి. నేనే చదివి వినిపిస్తాను, ఒక్క అక్షరం వదలకుండా. కొంచెం ముందే రాస్తే మంచిది. గోళ్లు పెరగడానికి సమయం పడుతుంది.