శామ్యూల్ నవ్విన మధ్యాహ్నం

రూతూ, నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి ఈ ఆదివారానికి ఏడాది. ఆ తర్వాతే మన అబ్బాయి శామ్యూల్‌కు కిడ్నీలు పాడయ్యాయి. వజ్రపుకొత్తూరు నుంచి వారానికి రెండుసార్లు విశాఖ తీసుకెళ్లి డయాలసిస్ చేయిస్తున్నాను.

నిన్న ఆ డయాలసిస్ గదిలో టీవీలో ఏదో కామెడీ సినిమా వచ్చింది. తాగుబోతు వేషగాడొకడు యేసయ్య పేరెత్తి వెకిలిగా ప్రార్థన చేస్తున్నాడు. మన ఇంట్లో అలాంటిది వస్తే నువ్వు వెంటనే టీవీ కట్టేసేదానివి. నేనూ కట్టేద్దామని లేచాను. అప్పటికే మన శామ్యూల్ నవ్వుతున్నాడు. వాడి నవ్వు విని ఎన్ని నెలలైందో.

"ఉండనీ నాన్నా, కాసేపు సూత్తాను. తప్పని నాకూ తెల్సు. ఈ మిషను మీద పొద్దెల్లదు" అన్నాడు.

కూర్చుండిపోయాను. ఇంటికొచ్చాక మోకరించి, క్షమించమని అడగబోయి, అడగకుండానే లేచాను. వాడు అలా ఇంకోసారి నవ్వితే బాగుండునని ఉంది.