సుగుణ ప్రార్థన, నా బిందె

పురానాపూల్
బుధవారం రాత్రి

నిన్నటి గృహకూడికలో సంఘపెద్ద భార్య సుగుణ, కాలు విరిగి మంచాన పడ్డ శాంతమ్మ కోసం కన్నీళ్లతో ప్రార్థన చేసింది. అందరి టీలూ చల్లారిపోయాయి. శాంతమ్మ పక్కిల్లే ఆమెది, ఇంట్లో నల్లా కూడా ఉంది. "ఏమమ్మా సుగుణా, రోజూ రెండు బిందెల నీళ్లు ఆమెకు ఇయ్యరాదూ?" అన్నాను. "ప్రార్థన చేసిన గద పెద్దమ్మా, ఇగ దేవుడే చూసుకుంటడు" అని అందరి ముందూ నవ్వింది.

బాకీ ఉంచుకునే మనిషిని కాను. పొద్దున్నే శాంతమ్మ కోసం మా ఇంటి నీళ్లు బిందెలో పట్టుకుని, చుట్టుదారే అయినా సుగుణ వాకిలి ముందు నుంచే వెళ్లాను. బైబిలు వాక్యం చదువుకుంటున్నదల్లా లేచి వచ్చింది.

"ఈ వయసుల నీకెందుకు పెద్దమ్మా ఈ లొల్లి?"

"దేవుడు నీ ప్రార్థన విన్నడు బిడ్డా. నీకు చేతులు లేవనుకున్నడేమో, నన్ను పంపిండు."

గల్లీలో ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. సుగుణ ముఖం మాడిపోయింది. ప్రాణం ఎంత హాయిగా ఉందో!

ఆ హాయి శాంతమ్మ గుమ్మం దాకానే. నీళ్లు చూసి ఆమె చేతులు జోడించింది. "సుగుణక్క ప్రార్థన ఉత్తగ పోలె, చూసినవా పెద్దమ్మా! మస్తు విశ్వాసం ఆమెకు. ఆమె కోసం నువ్వు గూడ జర ప్రార్థన చెయ్యి" అన్నది.

నడుము నొప్పి నాకు, పేరు సుగుణకు! అయినా సరే, చేస్తానన్నాను.

మాటిచ్చాను గనక ఇందాక మోకరించాను. నోటికి వచ్చింది ఒక్కటే. ప్రభువా, సుగుణ కూడా కొన్నాళ్లు మంచాన పడాలి, అప్పుడు నేను ఆమె కోసం ఒట్టి ప్రార్థనే చేస్తాను.

ఆమేన్ అనడానికి నోరు రాలేదు. అన్న మాట వెనక్కీ తీసుకోలేదు.