వచ్చే గురువారం అష్టమి

హామిల్టన్,
ఆగస్టు, ఆదివారం.

ఒరే పండూ, నా చిట్టితండ్రీ,

అమ్మ దీవెనలు. నేనూ అక్కా ఒంట్లో బాగానే ఉన్నాం. ఇల్లు బాగుందని మాత్రం రాయలేను. మీ నాన్న లేని ఇంటిని బాగుందనడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం అందింది. నువ్వు ఇంగ్లీషులో రాసింది మీ అక్క ఇషిత చదివి చెప్పింది. నా ఉత్తరం మాత్రం నువ్వే చదువుకో, ఎవరిచేతా చదివించుకోకు. మీ నాన్న వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి నీకు అక్షరాలు దిద్దించింది ఇందుకే అనుకో.

నా మోకాలు అడిగావు. మందు వేసుకుంటున్నాను, మెట్లు దిగేటప్పుడే నొప్పి. టమాటాలు అడిగావు. మీ నాన్న కిటికీలో కప్పుల్లో పెంచిన నారు అక్క గ్వెల్ఫ్ నుంచి వచ్చి పాతింది. బాగా కాశాయి. కోయబుద్ధి కాక సగం చెట్టునే కుళ్లిపోయాయి. ఫ్యాక్టరీ వాళ్లు ఆయన లాకర్లో సామాను పంపారు. టిఫిన్ డబ్బా, ఒక స్వెట్టరు, రెండు జతల తోలు గ్లౌజులు. ఆ గ్లౌజులు నీకు గుర్తుండాలి. ఒకదాని మీద ఒకటి తొడుక్కుని సందులో నీ బేస్‌బాల్ బంతులు పట్టేవాడు. నీకు పన్నెండేళ్లప్పుడు ఒక బంతికి ఆయన చిటికెనవేలు విరిగింది. నీకు చెబితే మెల్లగా వేస్తావని చెప్పలేదు. మర్నాడు అదే చేత్తో డ్యూటీకి పోయాడు. ఆ వేలు వంకరగానే ఉండిపోయింది.

మొన్నటి ఆట చూశాను. రెండో ఇన్నింగ్స్‌లోనే కోచ్ వచ్చి నీ చేతిలోంచి బంతి తీసుకుని నిన్ను బయటికి పంపుతుంటే నువ్వు తల ఎత్తలేదు. వరసగా మూడోసారి. ఇంకోసారి ఇలాగే అయితే పెద్ద లీగ్ నుంచి కిందికి పంపేస్తారని రాశావు. ఆ టీవీ వాళ్లు మళ్లీ ఆ మాటే చెప్పారు, ఈ కుర్రాడి మొదటి ఆట చూశాకే తండ్రి కన్ను మూశాడని. నేను టీవీ కట్టేసి వంటింట్లోకి పోయాను.

ఇక నువ్వు చివర్న అడిగిన ప్రశ్న. ఆఖరి బంతి వేసినప్పుడు నాన్న ఏం చేశాడు, మళ్లీ ఒక్కసారి చెప్పమ్మా, అది పట్టుకునే నిలబడుతున్నాను అన్నావు. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి అక్కడికి రాగానే చింపేశాను. ఈసారి చింపను.

ఆ రోజు ఆస్పత్రిలో లేస్తూనే మీ నాన్న, "వాడి ఆట ఎన్నింటికే?" అన్నాడు. ఏడింటికన్నాను. "గడ్డం గీయించు. టీవీలోంచి వాడికి నేను కనపడనని తెలుసులే, అయినా గీయించు" అన్నాడు. సుప్రజ ఆంటీ వార్డులో డ్యూటీలో ఉండి తనే గీసింది. "అన్నయ్యగారూ, పెళ్లికొడుకులా ఉన్నారు" అంటే, "పెళ్లికూతురు ఒప్పుకుంటే కదమ్మా" అని నా వైపు చూశాడు.

పన్నెండింటికి ఆయాసం పెరిగింది. "పండుకి ఒక్కసారి ఫోన్ కలపవే, గొంతు వింటాను" అన్నాడు. నేను కలపలేదు. వాడు ఆటకి తయారవుతుంటాడు, మీ గొంతు ఇలా వింటే బెదిరిపోతాడు, ఆట అయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందురుగాని అన్నాను. సరేలే అన్నాడు. మళ్లీ అడగలేదు. టైము మాత్రం అడుగుతూనే ఉన్నాడు. ఒకటిన్నరకి, రెండింటికి, మూడుకి పది నిమిషాలుందనగా. "ఏడింటిదాకా నన్ను నిద్రపోనీకు" అన్నాడు.

నాలుగు దాటిన పది నిమిషాలకి పోయాడురా. నీ ఆట అయ్యాక కాదు. నువ్వు ఇంకా బూట్లు కూడా తొడుక్కుని ఉండవు.

నాలుగున్నరకి నువ్వే ఫోన్ చేశావు. "అమ్మా, నాన్న ఎలా ఉన్నాడు? టీవీ సెట్ చేశారా?" అన్నావు.

"చేశారు నాన్నా. పడుకున్నాడు, లేపొద్దన్నారు."

"ఓకే. ఫస్ట్ బాల్ నాన్నకే అని చెప్పు."

"చెబుతాను."

అప్పుడే వచ్చిన అక్క పక్కన నిలబడి అంతా వింది. "మామ్, దిస్ ఈజ్ నాట్ ఫెయిర్. వాడికి చెప్పాలి" అంది. నేను దాన్ని కసిరాను. కబురు వినేదాకా కొడుక్కి మైల అంటదని మా నాయనమ్మ అనేది. ఆ ఒక్క మాట పట్టుకుని, "వాడు వినలేదు, వాడికి మైల లేదు, ఆడనీ" అన్నాను. అప్పట్నుంచి అక్క నాతో ముభావంగానే ఉంది. నువ్వు దాన్ని ఏమీ అనకు.

నీ ఆట అయ్యాక ఫోన్ చేసి ఇప్పుడే పోయాడన్నాను. "చూశాడా?" అన్నావు. చూశాడన్నాను. అక్కడితో ఆపినా బాగుండేది. నువ్వు ఏడుస్తుంటే ఆగలేక, ఆఖరి బంతికి చెయ్యెత్తాడని కూడా కల్పించాను. ఇప్పుడు నువ్వు ప్రతి ఆటలో మొదటి బంతికి ముందు చెయ్యెత్తుతుంటే నేను చూడలేకపోతున్నాను. ఆ గదిలో టీవీ పెట్టనే లేదు పండూ. నీ మొదటి ఆట నేనూ చూడలేదు. ఆ వంకర వేలు పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నువ్వు కర్మకి కూర్చున్నప్పుడు యోగానంద్ శాస్త్రిగారు ప్రాణం పోయిన వేళ అడిగారు. నువ్వు పక్కనే ఉన్నావు. తొమ్మిదిన్నర అన్నాను. ఆయన పంచాంగం చూసి, సాయంత్రం ఆరింటికే అష్టమి వెళ్లిపోయింది, నవమి అని రాశారు. సర్టిఫికెట్‌లో తేదీయే ఉంది, వేళ లేదు, ఎవరూ పట్టుకోలేదు. నువ్వు మూడు నెలలుగా హోటల్ గదుల్లో, ఆయన్ని ఫోన్లో పెట్టుకుని, నవమి నాడే నువ్వులూ నీళ్లూ వదులుతున్నావు. మీ నాన్న అష్టమి నాడు వచ్చి చూసుకుని ఖాళీగా వెళ్లిపోతున్నాడేమోనని నాకు ముద్ద దిగడం లేదు.

పోయిన వారం గుడికి వెళ్లి శాస్త్రిగారికి చెప్పేశాను. "అయినవాటి సంగతి నేను చూసుకుంటానమ్మా. కర్తకు మాత్రం మీరే చెప్పాలి" అన్నారు. అందుకే రాశాను. ఫోన్లో అయితే మళ్లీ అబద్ధమే వస్తుంది.

ఈ ఉత్తరం చదివాక నీ చెయ్యి ఇంకా పడిపోతుందేమో, నిన్ను కిందికి పంపేస్తారేమో అని భయంగానే ఉంది. కోపం వస్తే ఫోన్ చేసి తిట్టు, వింటాను. చేయకపోయినా నేనేమీ అనుకోను. ఆ చెయ్యెత్తడం మానేస్తావో ఉంచుకుంటావో నీ ఇష్టం. నీకు ఇవ్వడానికి నా దగ్గర ఉన్న నిజం ఇంతే: గడ్డం గీయించుకుని, నీ గొంతు అడిగి, ఏడింటి కోసం చూశాడు. గొంతు వినిపించనిది నేను.

వచ్చే గురువారం అష్టమి. శుక్రవారం కాదు. ఆ రోజే నీకు ఆట కూడా ఉందట, అక్క చెప్పింది. పొద్దున్నే స్నానం చేసి నీళ్లు వదులు. తిథి కదా అని ఒంటిపూట ఉండకు, ఎండలో బంతి వేయాల్సినవాడివి. ఆ ఒంటిపూట నేనుంటాను. నువ్వు మాత్రం రెండు పూటలా కడుపునిండా అన్నం తిను.

ఇట్లు,
నీ అమ్మ